సీ డ్రైవ్ నిండిపోయిన వారం: మా పాత సర్వర్‌తో నా అనుభవం

2024 నవంబర్ 18, సోమవారం ఉదయం 10:20కి మా బిల్లింగ్ ఆగిపోయింది. గుంటూరు కొత్తపేటలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ మాది. నేను అకౌంట్స్ చూస్తాను. కంప్యూటర్లకంటూ విడిగా మనిషి లేడు కాబట్టి సర్వర్, అంటే అందరి బిల్లులూ చేరే పెద్ద కంప్యూటర్ కూడా నా మీదే పడింది. సోమవారం మెడికల్ షాపుల ఆర్డర్లు రెండు రోజులవి ఒక్కసారే వస్తాయి. డెలివరీ కుర్రాళ్ళు ఆరుగురు బండ్లు స్టాండ్ వేసి బిల్లుల కోసం నిలబడ్డారు. ఏ బిల్లు సేవ్ కొట్టినా తెర మీద ఒకటే మాట: డేటాబేస్‌లో చోటు లేదు.

సర్వర్ 2012లో కొన్నది, విండోస్ సర్వర్ 2008 ఆర్2. లోపల 500 జీబీ డిస్కులు రెండు, ఒకదాని మీద రాసింది రెండోదాని మీద కూడా పడేలా జత చేసి ఉన్నాయి. కొన్న రోజునే విండోస్, బిల్లింగ్ ఉండే సీ డ్రైవ్‌కి 80 జీబీ ఇచ్చి, మిగతా 385 డీ డ్రైవ్‌కి వదిలారు. తెరిచి చూస్తే సీ కింద గీత చివరిదాకా ఎర్రగా ఉంది. ఖాళీ సున్నా. డీలో మాత్రం 21 జీబీ ఉంది.

చేతికి అందింది చేశాను. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, నా డౌన్‌లోడ్స్ తీసేశాను. 1.1 జీబీ వచ్చింది. 11 గంటలకి బిల్లులు మళ్ళీ మొదలయ్యాయి, నేను ఊపిరి పీల్చుకున్నాను. మధ్యాహ్నం రెండున్నరకి మళ్ళీ సున్నా. మూడున్నర గంటల్లో మేం కొట్టిన బిల్లులు మహా అయితే నూట యాభై. అవి జీబీ ఎలా తింటాయి? ఆ ప్రశ్న అప్పుడే గట్టిగా వేసుకోవాల్సింది. కంగారులో వదిలేశాను.

సాయంత్రం దాకా చేతి బిల్లులు రాశాం. మందుల బిల్లు అంటే పేరు, రేటు రాస్తే సరిపోదు. ప్రతి లైనుకీ బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ రాయాలి. ఇన్సులిన్, వ్యాక్సిన్లు ఫ్రిజ్‌లోంచి తీశాక ఆగేవి కావు, వాటికి ముందు రాసి పంపించాం. ఆ చేతి బిల్లులన్నీ తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించడానికి మా ఇద్దరు అమ్మాయిలకి రెండు రోజులు పట్టింది. ఇలాంటి ఖర్చు ఏ రసీదులోనూ కనపడదు.

పైగా 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను కట్టాలి. కొనుగోళ్ళ లెక్క సరిచూసుకోవాలంటే అదే సాఫ్ట్‌వేర్ నడవాలి. ఆలస్యమైతే కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ.

మా సార్ వచ్చి నా వెనకే నిలబడ్డారు. "అమ్మా, ఆ పాత సంవత్సరాల ఫోల్డర్లు ఎందుకు, తీసెయ్యరాదూ?" అన్నారు. ఆ ఫోల్డర్లు డీలో ఉన్నాయి, నిండింది సీ. డీలో వంద జీబీ తీసినా సీకి ఒక్క ఎంబీ కూడా కలవదు. "రెండూ ఒకే డిస్కు కదా" అన్నారాయన. ఒకే ఇంట్లో రెండు గదులు సార్, మధ్యన గోడ ఉంది అని చెప్పాను. డీ తీసెయ్యమన్న మాట మా ఆఫీసులో ఆ రోజు నలుగురి నోటా విన్నాను.

సర్వర్ సర్వీసు చూసే కంపెనీకి ఫోన్ చేస్తే బుధవారం మనిషిని పంపిస్తామన్నారు. గంటలో కొత్త సర్వర్‌కి కొటేషన్ మాత్రం వచ్చేసింది, 2,60,000 రూపాయలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆఖరికి మా ప్రింటర్లు బాగుచేసే కుర్రాడికి ఫోన్ చేశాను. అరండల్‌పేటలో చిన్న షాపు అతనిది. "అక్కా, మీకు తెలియని ఫైలు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకండి. ముందు ఈ రాత్రికి ఊపిరాడేలా చేద్దాం" అన్నాడు.

రాత్రి ఎనిమిదికి, అందరూ లాగౌట్ అయ్యాక, ఫోన్‌లో చెబుతూ నా చేత పేజ్ ఫైలు డీకి మార్పించాడు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే చోటు అది. మా సర్వర్‌కి ర్యామ్ 8 జీబీ, పేజ్ ఫైలు కూడా అంతే. సీలో చిన్న ముక్క ఉంచి మిగతాది డీకి పంపి రీస్టార్ట్ చేశాను. పన్నెండేళ్ళ సర్వర్ లేవడానికి 11 నిమిషాలు పట్టింది. నల్ల తెర ముందు నిలబడి ఆ 11 నిమిషాలూ గడియారమే చూశాను. లేచింది. సీలో 7.3 జీబీ ఖాళీ. కాగితం మీద రాసుకుని ఎనిమిదిన్నరకి తాళం వేసి ఇంటికెళ్ళాను.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చి చూస్తే 3.4 ఉంది.

రాత్రంతా ఆఫీసులో మనిషి లేడు. బిల్లు లేదు, లాగిన్ లేదు. నాలుగు జీబీ పోయింది. ఎవరైనా బయటనుంచి లోపలికొచ్చారేమో, వైరస్సేమో అని కాళ్ళు వణికాయి. ముందు రోజు రాత్రి అంకె రాసిపెట్టుకోకపోతే ఆ తేడా నాకు తెలిసేదే కాదు, బిల్లులే తిన్నాయనుకునేదాన్ని. అదే వేగంతో పోతే రాత్రికల్లా మళ్ళీ సున్నాకి వస్తాం.

కుర్రాడు మధ్యాహ్నం ఒంటిగంటకి పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు. విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ అందులోంచే నడిపాడు. నిండిపోయిన డిస్కు మీద ఇంకోటి ఇన్‌స్టాల్ చెయ్యకూడదన్నాడు. అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే కొన్ని ఫోల్డర్లు లోపల చూడనివ్వవు, ఉన్న సైజు తక్కువగా కనిపిస్తుంది. డ్రైవంతా చదవడానికి 25 నిమిషాలు పట్టింది. తెర మీద రంగురంగుల గళ్ళు వచ్చాయి. ఎంత పెద్ద ఫైలుకి అంత పెద్ద గడి. ఒక మూలన ఒకే సైజు గళ్ళు బాత్రూమ్ టైల్స్ పరిచినట్టు వరసగా ఉన్నాయి.

విండోస్ ఫోల్డర్ లోపల టెంప్ అనే తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డర్. అందులో క్యాబ్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్ళు రెండు వందల పైచిలుకు, ఒక్కోటి దాదాపు 100 ఎంబీ. మొత్తం 22 జీబీ. మొదటిదాని తేదీ శనివారం తెల్లవారుజాము. ఇరవై నిమిషాలకొకటి చొప్పున పుట్టుకొచ్చాయి. మేం చూస్తుండగానే ఇంకోటి వచ్చింది.

కుర్రాడు కారణం వివరించాడు. విండోస్ తన అప్‌డేట్ల పనులన్నీ సీబీఎస్ అనే లాగ్‌లో రాసుకుంటుంది. లాగ్ పెద్దదైనప్పుడు దాన్ని కుదించి పక్కన పెడుతుంది. కుదించే పనిముట్టు 2 జీబీ దాటిన ఫైలుని మొయ్యలేదు. మా లాగ్ 2.3 జీబీ అయ్యింది. కుదించబోయి, మధ్యలో ఓడిపోయి, సగం చేసిన ఫైలుని టెంప్‌లో వదిలేసి, ఇరవై నిమిషాలాగి మళ్ళీ మొదలుపెడుతోంది. సర్వర్ నడిచినంతసేపూ ఇదే పని. సోమవారం నేను ఖాళీ చేసిన 1.1 జీబీ తిన్నదీ, రాత్రి నాలుగు తిన్నదీ ఇదే.

విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ అనే సర్వీసు ఆపాడు. ఆ పెద్ద లాగ్ తీసేశాడు, క్యాబ్ ఫైళ్ళన్నీ తీసేశాడు, సర్వీసు మళ్ళీ మొదలుపెట్టాడు. మొత్తం పది నిమిషాలు. సీలో ఖాళీ 26.5 జీబీ. నేను కుర్చీలో కూలబడ్డాను. అతను 1,500 తీసుకున్నాడు. రెండు రోజుల నరకానికి కారణమైన ఫైళ్ళని మా ఆఫీసులో ఒక్క మనిషి కూడా తయారు చెయ్యలేదు, ఎవరికీ వాటితో పని లేదు. మేమేమో ఆ రెండు రోజులూ మాకు పేర్లు తెలిసిన ఫోల్డర్ల వంకే చూస్తూ కూర్చున్నాం.

అదే రోజు ఇంకోటి బయటపడింది, అది ఇప్పటికీ తలుచుకుంటే గుండె గుబేలుమంటుంది. రోజూ రాత్రి తొమ్మిదికి బిల్లింగ్ బ్యాకప్ దానంతటదే జరిగేలా ఎప్పుడో పెట్టారు. ముందు సీలో ఫైలు రాసి, దాన్ని జిప్ చేసి డీలో వేస్తుంది. ఆదివారం రాత్రి సీలో చోటు లేదు. డీలో ఆ రాత్రి జిప్ ఉంది, సైజు 0 కేబీ. ఎవరికీ ఏ కబురూ రాలేదు. అసలు ఆ బ్యాకప్‌లన్నీ అదే పెట్టెలో, అదే డిస్కుల మీద ఉన్నాయి. రెండు డిస్కులు జతగా ఉన్నాయి కదా అని ఇన్నేళ్ళూ ధీమాగా ఉన్నాం. ఒక డిస్కు పోతే రెండోది నిలబెడుతుంది, నిజమే. కానీ తప్పుగా తీసేసింది రెండింటి మీదా ఒకేసారి పోతుంది. షార్ట్ సర్క్యూట్ అయితే రెండూ పోతాయి.

20వ తేదీ సాయంత్రం ఆరున్నరకి 3బీ కట్టేశాం. 21న 2 టీబీ బయటి డిస్కు కొన్నాం, 6,300. మిగిలిన శుభ్రం పనికి శని, ఆదివారాలు పెట్టుకున్నాం. కుర్రాడు రెండు రోజులకి 4,000 అడిగాడు, సార్ ఒప్పుకున్నారు.

23, శనివారం. ఏదీ తియ్యకముందు మొత్తం డీ డ్రైవ్‌ని బయటి డిస్కుకి కాపీ చెయ్యాలి. రాత్రి ఎనిమిదికి కాపీ, పేస్ట్ కొట్టి, పొద్దున్నకి అయిపోతుందనుకుని వెళ్ళాం. ఆదివారం ఉదయం ఏడింటికి వచ్చి చూస్తే 14 శాతం దగ్గర ఒక పెట్టె తెరుచుకుని ఉంది: ఫైలు పేరు మరీ పొడవు, దాటెయ్యమంటారా? ఆ ప్రశ్నకి జవాబు కోసం రాత్రంతా ఆగిపోయింది. పదకొండు గంటలు వృథా. కుర్రాడు ఈసారి రోబోకాపీ అనే విండోస్ సొంత ఆదేశంతో మొదలుపెట్టాడు. అది పొడవు పేర్లకి ఆగదు, ఏ ఫైలైనా కాపీ కాకపోతే చివర్లో లెక్క చెబుతుంది. సర్వర్‌కి ఉన్నవి పాత యూఎస్‌బీ 2 పోర్టులు, పైగా లక్షల చిన్న ఫైళ్ళు. ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా నడిచింది.

ఆ ఖాళీలో డీలో ఏమున్నాయో చూశాం. రోజువారీ బ్యాకప్ జిప్‌లు 2016 నుంచి ఒక్కటీ తియ్యలేదు, 148 జీబీ. షాడో కాపీలు 38 జీబీ. ఫైళ్ళ పాత రూపాలని విండోస్ దాచిపెట్టే చోటు ఇది. ఏ ఫోల్డర్‌లోనూ కనపడదు, విన్‌డిర్‌స్టాట్ గళ్ళలో కూడా సరిగ్గా తేలలేదు. దాన్ని పూర్తిగా తీసేద్దామన్నాడు కుర్రాడు. ఒకసారి జీతాల ఎక్సెల్ షీటు మీద వేరేది సేవ్ అయిపోతే వెనక్కి తెచ్చింది ఇదే అని నాకు గుర్తొచ్చి, 15 జీబీకి తగ్గించమన్నాను. తగ్గించగానే పాత కాపీలు పోతాయి, మళ్ళీ రావు.

తర్వాత 61 జీబీ ఫోల్డర్ ఒకటి. మా పాత గుమాస్తా గారు 2014 నుంచి 2021లో రిటైరయ్యే దాకా ప్రతి సాయంత్రం కూర్చుని స్కాన్ చేసిన కొనుగోలు బిల్లులు, లారీ రసీదులు. అన్నీ రంగుల్లో, ఒక్కో పేజీ భారీ సైజు. సార్ మొదటి రోజు నుంచీ తీసెయ్యమంటున్నది ఇదే. నాకు చెయ్యి రాలేదు. ఏడేళ్ళు ఆ స్కానర్ చప్పుడు నా పక్క టేబుల్ మీద విన్నాను. ఆయనకే ఫోన్ చేశాను. తెనాలి అవతల సొంతూళ్ళో ఉంటున్నారు.

"ఇంకా ఆ సర్వరే నడుస్తోందా అమ్మాయ్?" అన్నారు ముందు. విషయం చెప్పాను. క్షణం ఆలోచించలేదు. "2017-18 జోలికి మాత్రం పోవద్దు. జీఎస్టీలో లెక్కలు 72 నెలలు ఉంచాలి, అదీ వార్షిక రిటర్నుకి గడువు తేదీ నుంచి లెక్క. ఆ మొదటి ఏడాది గడువు పొడిగించుకుంటూ పోయి 2020 ఫిబ్రవరిలో ఆగింది. అంటే 2026 ఫిబ్రవరి దాకా అవి మన దగ్గర ఉండాలి. నోటీసొస్తే ఏం చూపిస్తారు?" అన్నారు. ఆరేళ్ళు దాటింది కదా, తీసెయ్యచ్చు అని నేను వేళ్ళ మీద లెక్కేసుకుని ఉన్నాను. ఆయనకి ఫోన్ చెయ్యకపోతే తీసేసేదాన్ని. జీఎస్టీకి ముందువి మాత్రం సర్వర్ మీద నుంచి దించి రెండు బయటి డిస్కుల్లో పెట్టాలని తేల్చాం. దాంతో రెండో డిస్కు కూడా కొన్నాం, ఇంకో 6,300.

మధ్యాహ్నం రెండు గంటలకి కాపీ అయ్యాక బిల్లింగ్ డేటాబేస్ దగ్గరికొచ్చాం. అసలు డేటా 6.2 జీబీ, దాని లాగ్ ఫైలు 19 జీబీ. ప్రతి మార్పునీ ఆ లాగ్‌లో రాస్తూ పోవడమే కానీ, లాగ్‌ని విడిగా బ్యాకప్ తీసే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. అలా చేస్తేనే అందులో పాత చోటు తిరిగి వాడకానికి వస్తుందట. సాఫ్ట్‌వేర్ వాళ్ళ సపోర్టుకి ఫోన్ చేస్తే, ఎత్తినతను సర్వీసు ఆపి ఆ లాగ్ ఫైలు డిలీట్ చెయ్యమన్నాడు. మా కుర్రాడు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, అలా చేస్తే డేటాబేస్ మళ్ళీ లేవకపోవచ్చు, మీరు రాతపూర్వకంగా ఇస్తారా అని అడిగాడు. అవతల మాట లేదు. మేం ముందు పూర్తి బ్యాకప్ తీశాం, దాన్ని బయటి డిస్కుకి పంపాం, తర్వాత లాగ్ బ్యాకప్ తీసి కుదించాం. మొదటిసారి ఒక్క ఎంబీ తగ్గలేదు. రెండోసారి లాగ్ బ్యాకప్ తీసి మళ్ళీ కుదిస్తే 19 కాస్తా అర జీబీ అయ్యింది. ఇకమీదట రాత్రి బ్యాకప్‌తో పాటు లాగ్ బ్యాకప్ కూడా తీసేలా, అదీ నేరుగా డీలోనే రాసేలా మార్చాడు.

చివరిది విండోస్ పాత అప్‌డేట్లు. విన్ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ 13 జీబీ చూపిస్తుంటే నాకు చెయ్యి దురద పెట్టింది. అందులో చాలా ఫైళ్ళు వేరేచోట కనిపించే ఫైళ్ళకే రెండో పేర్లు, చేత్తో తీస్తే విండోస్ కూలిపోతుంది అన్నాడు కుర్రాడు. డిస్క్ క్లీనప్ ద్వారానే తియ్యాలి. మామూలు కంప్యూటర్‌లో ఉన్నట్టు ఈ సర్వర్‌లో అది సిద్ధంగా ఉండదు, రెండు ఫైళ్ళు సరైన చోటికి కాపీ చేస్తే గానీ రాలేదు. అది అప్‌డేట్లని గుర్తుపెట్టుకుని ఊరుకుంటుంది, తియ్యడం రీస్టార్ట్‌లో జరుగుతుంది. ఇది నాకెవరూ ముందు చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం 5:10కి రీస్టార్ట్ కొట్టాం. శుభ్రం చేస్తున్నాను, కంప్యూటర్ ఆపవద్దు అని తెర మీద పడింది. ఆరున్నరకి కూడా అదే. సార్ వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. టీలు రెండుసార్లు తెప్పించారు. "ఆపి మళ్ళీ వేద్దామా?" అని ఒకసారి అడిగారు. కుర్రాడు డిస్కు లైటు చూపించాడు, అది ఆగకుండా మిణుకుమిణుకుమంటోంది. లైటు ఆడుతున్నంతసేపూ పని జరుగుతున్నట్టే సార్ అన్నాడు. కరెంటు పోకూడదని నేను మనసులో మొక్కుకుంటూనే ఉన్నాను, మా యూపీఎస్ బ్యాటరీ అరగంటకి మించి ఆగదు. 7 గంటలకి లాగిన్ తెర వచ్చింది. గంటా యాభై నిమిషాలు. వచ్చింది 4.1 జీబీ. ఆ నాలుగు జీబీ కోసం ఆ టెన్షన్ అవసరమా అంటే, చోటు మరీ ముంచుకొస్తే తప్ప నేను మళ్ళీ చెయ్యను.

జిప్‌లలో నెలాఖరువి, చివరి ముప్పై రోజులవి ఉంచి మిగతావి తీసేశాం. తీసేముందు బయటి డిస్కు మీది కాపీల్లోంచి ఏవో పది తెరిచి చూశాను. తొమ్మిది తెరుచుకున్నాయి. 2019 నాటిది ఒకటి తెరుచుకోలేదు, సర్వర్ మీద అసలుదీ తెరుచుకోలేదు. ఐదేళ్ళుగా అది పాడై ఉందని మాకు తెలియదు.

రాత్రి తొమ్మిదికి సీలో 49 జీబీ ఖాళీ. మొత్తం ఖర్చు: కుర్రాడికి 5,500, డిస్కులు 12,600, కలిపి 18,100. సార్ ముఖంలో 2,60,000 మిగిలిన సంతోషం కనపడింది. అప్పుడే చెప్పాలనిపించి చెప్పాను. ఈ విండోస్‌కి సాధారణ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, డిస్కులకి పన్నెండేళ్ళు. మనం కొనుక్కున్నది చోటు కాదు సార్, కొన్ని నెలల వ్యవధి అన్నాను. మార్చి లెక్కలు ముగిశాక కొత్తది కొందామన్నారు. మూడు చోట్ల కొటేషన్లు తీసుకునే పని నాకప్పగించారు.

డిసెంబర్ 1, ఆదివారం నాడు, ముందు రాత్రి తీసిన బ్యాకప్‌ని మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లోకి ఎక్కించి చూశాం. రెండు గంటలు పట్టింది. నవంబర్ 18 నాటి చేతి బిల్లులతో సహా అన్నీ వచ్చాయి. ఇప్పుడు రోజూ ఉదయం రాగానే స్టాక్ రిజిస్టర్ పై అంచున సీ ఖాళీ ఎంతో పెన్నుతో రాస్తున్నాను. ఈ రోజు, 2024 డిసెంబర్ 18న, 47.2. ఒక డిస్కు సర్వర్ పక్కనుంటే రెండోది సార్ ఇంట్లో ఉంటుంది. శుక్రవారం సాయంత్రం రెండూ మార్చుకుంటున్నాం.